బంద్ రోజుల్లో మా ఆయన

నేను టీవీలో కనిపించానంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మించాలన్న కోరికా నాకు లేదు. ఒకప్పుడు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను చూసి, పక్కవాళ్ళని మోచేత్తో పొడిచి, "ఆవిడే, ఆవిడే" అనుకునేవాళ్ళు. ఆ వైభోగం పట్టుమని పది పదిహేను రోజులు. అది పోయాక మిగిలిన సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పేరొచ్చినప్పుడు నా చుట్టూ జనం ఉన్నారు. మిగిలినదాన్ని దాదాపుగా నేనొక్కదాన్నే చూశాను.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. మాది గుంటూరు వైపు పల్లె. పెళ్ళయిన దగ్గర్నుంచీ హైదరాబాదే. ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం వెళ్ళే దారిలో ఒక కాలనీలో, రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. మాకు పిల్లలు లేరు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఎంక్వైరీ టేబుల్ దగ్గర కూర్చునేదాన్ని. ఏ కోర్సు ఎన్ని నెలలు, బ్యాచ్ ఎప్పుడు మొదలు, దగ్గర్లో హాస్టల్ ఎక్కడ, తిండి బాగుంటుందా, అవే ప్రశ్నలు, అవే జవాబులు. రోజంతా మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి నోరు విప్పబుద్ధయ్యేది కాదు. మా ఆయన దానికి సరిగ్గా ఎదురు. మూసారాంబాగ్‌లో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో, మిషన్ల మోతలో పొద్దంతా నోరు మూసుకుని పనిచేసి, ఇంటికొచ్చాక మొదలుపెట్టేవారు. శుభలేఖలో ఎవరి పేరు ముందు వేయాలో తేలక వియ్యాలవారు ప్రెస్సులోనే ఎలా కలబడ్డారో అభినయించి మరీ చూపించేవారు. నేను పప్పుకి తాలింపు వేస్తూ ఊఁ కొట్టేదాన్ని.

ఆయనకో అలవాటుండేది. మా వైపు ఆ తరం మగవాళ్ళలో చాలామందికి ఉన్నదే. భార్య పక్కన నడవరు. నాలుగడుగులు ముందు నడుస్తారు. మా నాన్నా అంతే, మా మామగారూ అంతే. గుడికి వెళ్ళినా, కూరగాయలకి వెళ్ళినా, పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వెళ్ళినా నేను చూసేది ఆయన వీపునే. కొత్తలో నాకు ఉక్రోషం వచ్చేది.

"నేను దారిలో తప్పిపోయినా మీకు ఇంటికెళ్ళేదాకా తెలియదు" అనేదాన్ని.

"ఆ మాత్రం ఆశైనా ఉండనీ" అనేవారు.

తర్వాత్తర్వాత నాకూ అలవాటైపోయింది. ఆయన వీపు చూసి ఎటు తిరగాలో తిరిగేదాన్ని, తల వంచుకుని నా దారిన నేను నడిచేదాన్ని.

మా పక్క పోర్షన్‌లో నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. క్రైస్తవులు. భర్త కరెంటు పనులు చేసేవాడు, ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నన్ను వదినా అనేది, నేనూ ఆమెని వదినా అనేదాన్ని. మా ఆయన ఆమెకి అన్న. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక మా ఇంట్లో టీ తాగితే తప్ప ఇద్దరికీ ఆ రోజు గడిచినట్టుండేది కాదు.

నేను టీవీకెక్కిన రోజు పొద్దున బస్సులు బాగానే తిరిగాయి. మధ్యాహ్నం యూనివర్సిటీలో లాఠీచార్జి అయిందని వార్త వచ్చింది. చూస్తుండగానే దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు దడదడా దిగాయి. మా సెంటర్ వాళ్ళు పిల్లల్ని హాస్టళ్ళకి పంపేసి మమ్మల్నీ వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళడానికి బస్సేదీ? ఆటో కూడా లేదు. ఏం చెయ్యాలో తోచక మెట్ల మీద కూర్చుంటే, మూసారాంబాగ్ నుంచి నడుచుకుంటూ మా ఆయన వచ్చారు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"పద, ఇవాళ మన కాళ్ళే సిటీ బస్సులు" అని, నా టిఫిన్ సంచీ చేతిలోంచి లాక్కుని ముందు నడవడం మొదలుపెట్టారు.

చైతన్యపురి దాటాం. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరికొచ్చేసరికి నా చెప్పు తెగింది. మాగిన బత్తాయిల వాసన, ఎండ, ఆకలి, ఒక కాలికి చెప్పు, ఒక చేతిలో చెప్పు. ముందు చూస్తే ఆయన. మోకాళ్ళ నొప్పుల మనిషి, కుంటుతున్నారు, కాసేపు ఆగుదామంటే ఆగరు. ఎల్బీనగర్ చౌరస్తా ఇంకొంచెం దూరం ఉందనగా రోడ్డు పక్కన ఒక టీవీ చానల్ బండి ఆగి ఉంది. మైకు పట్టుకున్న అమ్మాయి నా చేతిలోని చెప్పు చూసింది. వాళ్ళకి అంతకంటే ఏం కావాలి! పరిగెత్తుకొచ్చి మైకు నా మూతి దగ్గర పెట్టింది.

"మేడం, ఈ బంద్ వల్ల మీరు ఎలాంటి ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు?"

కనిపిస్తూనే ఉందిగా! నాకు ఒళ్ళు మండింది. రోజూ వందమందికి జవాబులు చెప్పే నోరు, తడుముకోలేదు.

"చూడమ్మా, రాష్ట్రం ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి. అది మీరూ మీరూ తేల్చుకోండి. నాకు మాత్రం ముందు బస్సు ఇవ్వండి. మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు, నడవలేరు!"

చుట్టూ మూగినవాళ్ళు గొల్లున నవ్వారు. మా ఆయన అప్పటికే మూసేసిన పాన్ డబ్బా వెనక్కి తప్పుకుని, నేనెవరో తెలియనట్టు ఆకాశంలోకి చూస్తున్నారు. ఆయనకి కెమెరా అంటే చచ్చేంత సిగ్గు.

ఇక వెళ్ళొచ్చనుకుంటే, కెమెరా అతను రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడి కేకేశాడు. "మేడం, మీరు నడుస్తున్నట్టు కొంచెం విజువల్ కావాలి. కెమెరా వైపు చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోండి. సార్, మీరు కూడా." వాళ్ళ పని పద్ధతి అదట. మనిషి మాట్లాడింది ఒకటి తీసుకుంటారు, మనిషి ఊరికే నడిచిందో కూర్చుందో ఇంకొకటి తీసుకుంటారు. మాట పాతబడిపోయినా ఆ రెండోది చాలాకాలం పనికొస్తుంది. మా ఆయన "నేనెందుకయ్యా" అని గొణిగారు గానీ, ఇంటికి వెళ్ళాలంటే ఎలాగూ నడవాల్సిందే. నడిచారు. ఎప్పట్లాగే ముందు నడిచారు. రాళ్ళూ గాజుపెంకులూ తొక్కుతానేమోనని నేను తల వంచుకుని వెనక నడిచాను.

ఇంటికి చేరి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే టీవీలో నేనే. "రాష్ట్రం ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి, నాకు మాత్రం ముందు బస్సు ఇవ్వండి!" అక్కడితో కత్తిరించేశారు. కింద ఎర్రటి పట్టీలో అదే మాట పరిగెడుతోంది. అరగంటకోసారి నేను అరుస్తూనే ఉన్నాను.

"చూశావా, నా మోకాళ్ళు తీసి పారేశారు" అన్నారు మా ఆయన. నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు.

మర్నాటికి నేను బస్సు ఆంటీనైపోయాను. కోచింగ్ సెంటర్ పిల్లలు వరండాలో నన్ను అనుకరించి చూపించుకునేవాళ్ళు. బస్సెక్కితే కండక్టర్ "రండి మేడం, ముందు మీకే బస్సు" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు, ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్ళు. మా అన్నయ్య ఊరి నుంచి ఫోన్ చేసి "భలే గడ్డి పెట్టావే!" అన్నాడు. నేను ఎవరికి గడ్డి పెట్టానో నాకే తెలియదు. నేనడిగింది బస్సు. మా వైపు వాళ్ళు నన్ను తమ పక్షాన వేసుకున్నారు, ఇక్కడివాళ్ళు కొందరు అవతలి పక్షాన వేశారు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. అద్దంలో చూసుకుని జడ కాస్త వదులుగా అల్లుకోవడం మొదలుపెట్టాను.

పక్క పోర్షన్ వదిన మాత్రం ఆ ఆదివారం టీకి రాలేదు. నేనే వెళ్ళాను. మిషన్ ఆపకుండానే మాట్లాడింది.

"బస్సు ఇయ్యాల రాకుంటె రేపొస్తది వదినా. మా తమ్ముడు హాస్టల్ల వీపంత వాచి బోర్ల పండుకున్నడు. మా అమ్మ ఊర్ల అన్నం తింటలేదు. టీవీల నువ్వు బస్సు బస్సు అంటుంటె అందరు నవ్వుతున్నరు. నాకైతె నవ్వు రాలే."

యూనివర్సిటీలో చదివే ఆ తమ్ముడు మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాడు. "నేను ఆ ఉద్దేశంతో అనలేదు వదినా" అన్నాను. "ఎర్కనే" అంది. తెలుసునంది గానీ తలెత్తలేదు. మిషన్ చప్పుడు వెనక వినిపిస్తుండగా వచ్చేశాను. అంతమంది నన్ను గుర్తుపడుతున్న రోజుల్లో నాకు తొలిసారి దిగులు పుట్టింది అప్పుడే.

తర్వాత చానల్ వాళ్ళు చర్చకి రమ్మని కారు పంపించారు. మొహానికి పౌడరు అద్ది, పెద్ద పెద్ద లైట్ల కింద ఇద్దరు నాయకుల మధ్య కూర్చోబెట్టారు. వాళ్ళిద్దరూ నా మీదుగా ఒకరినొకరు వేలెత్తి తిట్టుకున్నారు. నేను తలని ఇటూ అటూ తిప్పడమే సరిపోయింది. చివర్లో యాంకర్ నా వైపు తిరిగి "చెప్పండమ్మా, ఒక్క మాటలో" అన్నాడు. నోరు తెరిచేలోగా సమయం అయిపోయిందన్నాడు. ఇంటికొస్తే మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"చాలా బాగా విన్నావు" అన్నారు.

పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ పోర్షన్‌లో అంత గట్టిగా నవ్వడం అదే ఆఖరేమో.

ఆ తర్వాతి వారం ఎక్కడో ఒక ఎద్దు మేడ మీదికెక్కి దిగనని కూర్చుంది. చానల్ అటు వెళ్ళిపోయింది. కండక్టర్ టికెట్‌కి చిల్లర లేదని నన్నూ అందరిలాగే విసుక్కున్నాడు. నేను మళ్ళీ ఎంక్వైరీ టేబుల్ దగ్గర మామూలు మనిషినయ్యాను.

ఆ వానాకాలంలోనే మా ఆయన పోయారు. ప్రెస్సులో పనిచేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారట. దవాఖానకి తీసుకెళ్ళారని ఫోనొస్తే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోలో వెళ్ళాను. నేను వెళ్ళేసరికే అయిపోయింది. అందరికంటే ముందు వచ్చింది పక్క పోర్షన్ వదినే. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. కర్మలయ్యేదాకా మా వాళ్ళంతా ఉన్నారు. మా అన్నయ్య ఊరికి వచ్చెయ్యమన్నాడు. అక్కడికెళ్ళి ఒకరి వంటింట్లో మూలన ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. ఉద్యోగం ఉంది కదా అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఒంటరితనమంటే రాత్రిళ్ళు భయపడటమనుకునేదాన్ని. అది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసి, తాలింపు వేస్తుంటే వెనక నుంచి ఎవరూ ఏమీ చెప్పకపోవడం. నాకు ఊఁ కొట్టడం అలవాటు కదా, కొట్టడానికేమీ లేదు. నా మాట వినే మనిషి లేడని కాదు నా బాధ, నేను వినడానికి మాట్లాడే మనిషి లేడని. రోడ్డు మీద నడుస్తుంటే ఎటు తిరగాలో తెలిసినా, ముందెవరూ లేక కాళ్ళు తడబడేవి.

గోడ మీద ఫోటో ఉంది. స్టూడియో అతను పాత గ్రూపు ఫోటోలోంచి మా ఆయన్ని వేరు చేసి, వెనక నీలిరంగు వేసి పెద్దది చేసిచ్చాడు. బిగుసుకుపోయి ఎటో చూస్తుంటారు. అలా ఒక్క క్షణం కూడా నిలబడిన మనిషి కాదు ఆయన. పెళ్ళి క్యాసెట్ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో వీడియో షాపుకి వెళ్తే, టేపంతా బూజు పట్టిందన్నాడు. ఆయన కదిలితే ఎలా ఉండేదో, నడిస్తే ఎలా ఉండేదో నా కళ్ళల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోతోంది. అదే నాకు అన్నిటికంటే పెద్ద భయమైంది. మనిషిని పోగొట్టుకున్నాను సరే, మనిషి నడకని కూడా పోగొట్టుకుంటానేమోనని.

అప్పుడొక బంద్ వచ్చింది. సెంటర్ మూసేశారు, ఇంట్లోనే ఉన్నాను. పక్కింటి వదిన తలుపు దబదబా బాదింది.

"వదినా, నువ్వు ఇంట్లనే ఉన్నవా? టీవీల గిప్పుడే చూసిన. రోడ్డు మీద నడుస్తున్నవ్. నీ ముంగట... నీ ముంగట అన్న ఉన్నడు."

నేను టీవీ పెట్టాను. అదే చానల్. 'స్తంభించిన రవాణా' అని కింద పట్టీ. మూసిన షాపులు, ఖాళీ బస్టాండు, ఒక కాలుతున్న టైరు. తర్వాత రోడ్డు అవతల నుంచి తీసిన దృశ్యం. బూడిదరంగు చొక్కా, ఒక చేతిలో నా టిఫిన్ సంచీ, రెండో చెయ్యి నడుం మీద, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ, మా ఆయన. వెనక నేను. అలా తెర ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళిపోయాం. మూలన చిన్న అక్షరాలతో 'ఫైల్' అని ఉంది. బంద్ రోజున కొత్తగా తీసిన బొమ్మలు చాలకపోతే పాతవి అలా వాడుతుంటారని నాకు తర్వాత తెలిసింది. నేనరిచిన మాట చానల్ ఎప్పుడో పారేసింది. నడకని దాచుకుంది.

ఇద్దరం టీవీ ముందు నుంచి లేవలేదు. అరగంట తర్వాత మళ్ళీ వేశారు. ఈసారి నేను ఆయన్ని తప్ప ఇంకేం చూడలేదు. వదిన నాకంటే సరిగ్గా చూసింది.

"అన్న ఎన్కకు తిరిగి చూస్తుండు వదినా. నువ్వు ఒస్తున్నవా లేదా అని."

మూడోసారి నేనూ చూశాను. నిజమే. తెర అంచుకి చేరబోతూ ఒక్కసారి మెడ తిప్పి నా వైపు చూస్తారు. నేను తల వంచుకుని నడుస్తుంటాను. నన్ను చూసి, వస్తున్నానని తెలుసుకుని, మళ్ళీ ముందుకి తిరుగుతారు. ఆ చూపులో అలవాటుంది. అది ఆ ఒక్కరోజు చూసిన చూపు కాదు. అన్నేళ్ళూ ప్రతి వీధిలోనూ అలా చూసే ఉంటారు. నేను కాళ్ళ కిందకి చూసుకుంటూ నడిచేదాన్ని కనుక నాకు తెలియలేదు. తప్పిపోయినా మీకు తెలియదని ఆయన్ని ఎన్నిసార్లు దెప్పానో! వదిన భుజం మీద తలపెట్టి ఆ రోజు ఏడ్చినంత, ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు.

అప్పట్నుంచీ నేను బంద్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఊరంతా బంద్ అంటే పరేషాన్ అయ్యేది, ఉద్యమంలో ఉన్నవాళ్ళు దెబ్బలు తినేవాళ్ళు, రాష్ట్రం కోసం చదువుకునే పిల్లలు ప్రాణాలు తీసుకునేవాళ్ళు. నాకు తెలియదా? తెలుసు. అయినా పొద్దున్నే పేపరు విప్పితే నా కళ్ళు మొదట వెతికేది ఆ ఒక్క మాటే. బంద్ పిలుపు కనిపిస్తే తేదీ చూసి పెట్టుకునేదాన్ని. ఆ రోజు పెందలాడే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని టీవీ ముందు కూర్చునేదాన్ని. చూసేవాళ్ళకి పిచ్చిలా ఉంటుందని తెలుసు, తలుపు గడియ పెట్టుకునేదాన్ని. ఒక్కోరోజు నాలుగైదుసార్లు వేసేవాళ్ళు, ఒక్కోరోజు అసలు వేసేవాళ్ళు కాదు. వెయ్యని రోజు సాయంత్రానికి వంట చెయ్యబుద్ధయ్యేది కాదు.

మరుసటి ఏడు పెద్ద సమ్మె వచ్చింది. వారాల తరబడి బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్ళి, నడిచి వచ్చి, కాళ్ళు బొబ్బలెక్కి టీవీ పెడితే ఆయన నా కోసం మెడ తిప్పి చూసేవారు. ఆయన పోయాక నాకు నిండుగా గడిచిన రోజులంటే అవే. పేపర్లో సమ్మె ముగిసిందని పడ్డ రోజు మా సెంటర్‌లో అందరూ స్వీట్లు పంచుకున్నారు. నేను బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

మా కాలనీలో ఒకావిడ నన్నడిగింది, "ఏంది, మీరు గిట్ల తెలంగాణోళ్ళల్ల కలిసిన్రా? బంద్ ఎప్పుడు, బంద్ ఎప్పుడు అని అడుగుతుంటరట?" మా అన్నయ్యకి ఆ వార్త ఎలా చేరిందో, ఫోన్ చేసి కోప్పడ్డాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. పక్క పోర్షన్ వదినకి ఒక్కదానికే తెలుసు. బంద్ రోజు ఆమె మిషన్ మీద కూర్చుని కూడా గోడ మీద తట్టేది. "వదినా, ఒస్తుండు, అన్న ఒస్తుండు!" అని కేకేసేది. మొదటి రోజుల్లో నా బస్సు మాటకి నవ్వు రాని మనిషి, ఇప్పుడు నాకోసం ఆ చానలే పెట్టుకుని కూర్చునేది.

ఒకసారి నా సెల్‌ఫోన్‌తో తియ్యబోయాను. తెర మీద అడ్డగీతలూ, ట్యూబులైటు మెరుపూ, నా గాజుల చప్పుడూ వచ్చాయి. మనిషి మాత్రం రాలేదు. ఇలా కాదని సెలవు పెట్టి ఆ చానల్ ఆఫీసుకి వెళ్ళాను, ఊరికి ఆ చివరన. అక్కడ పాత దృశ్యాలు భద్రపరిచే గదిలో ఒకాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. బస్సు ఆంటీనని చెప్పుకున్నాను. నా పేరు చెప్పి ఏదైనా అడగడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయనకి గుర్తు రాలేదు.

"ఫైల్ విజువల్స్ బయటికి ఇవ్వకూడదు మేడం, రూల్ లేదు. అయినా మీకెందుకది?"

చెప్పొచ్చు. చెప్తే ఇచ్చేవాడేమో కూడా. కానీ ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతున్న మనుషుల మధ్య మా ఆయన సంగతి ఎత్తడానికి నోరు రాలేదు. ఊరికే జ్ఞాపకంగా ఉంటుందని అన్నాను.

"బంద్ రోజు మా చానల్ పెట్టుకోండి, వేస్తాం" అన్నాడాయన, నన్ను సంతోషపెడుతున్నాననుకుని.

ఆ తర్వాత కూడా బంద్‌లు వచ్చాయి, పోయాయి. రాను రాను కొత్త బొమ్మలు పెరిగి, మా నడక వెయ్యడం తగ్గిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు నడిమధ్య మెట్రో స్తంభాలు లేచాయి. మేము నడిచిన రోడ్డు ఇప్పటి రోడ్డులా లేదు కనుక వాళ్ళకి పనికిరాదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చివరికి రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా కాలనీ అంతా టపాకాయలు, డప్పులు. నాకు ఆ చప్పుళ్ళ మధ్య ఒకటే ఆలోచన. ఇక ఎవరూ బంద్ చెయ్యరు. చెయ్యాల్సిన పని లేదు. మంచిదే. అందరికీ మంచిదే. మరి నేనెక్కడ చూడాలి ఆయన్ని? ఒక్క ఆశ ఉంది. ఆ రోజు అన్ని చానళ్ళూ ఉద్యమం మొదటి నుంచీ జరిగిందంతా చూపిస్తామని ముందే చెప్పాయి. మాదీ వేస్తారు, వెయ్యకుండా ఎలా ఉంటారు అనుకున్నాను.

వదిన వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. "ఒక్కదానివి ఇంట్ల కూసోవద్దు ఇయ్యాల. మా ఇంట్లనే చూద్దాం" అంది. వాళ్ళింటి నిండా ఊరి నుంచి వచ్చిన చుట్టాలు. ఒకప్పుడు వీపు వాచి బోర్లా పడుకున్న తమ్ముడు ఇప్పుడు మీసాలు తిప్పుకుని అందరికీ లడ్డూలు పంచుతున్నాడు. వదిన వాళ్ళ పెద్దమ్మకి, దళసరి కళ్ళద్దాల ముసలావిడకి, టీవీ ముందు కుర్చీ వేశారు. నన్ను ఆమె పక్కన చాప మీద కూర్చోబెట్టారు.

టీవీలో తెరని రెండుగా చీల్చారు. ఒక సగంలో సంబరాలు, రంగులు, డాన్సులు. ఇంకో సగంలో పాత దృశ్యాలు వరసగా. ఊరేగింపులు, లాఠీలు, రోడ్ల మీద వంటలు, రోడ్ల మీద బతుకమ్మలు. ఒక్కోదానికీ గదిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు, కొన్నిటికి కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆ పాత దృశ్యాల సగాన్నే చూస్తూ కూర్చున్నాను.

వచ్చింది. ఖాళీ రోడ్డు, నేను.

నేనొక్కదాన్నే.

సగం తెరలో ఇద్దరు పట్టలేదు. తెగిన చెప్పు ఉన్నది నా చేతిలో కనుక నన్ను మధ్యలో ఉంచి, రెండు పక్కలా కోసేశారు. ఆయన ముందు నడిచే మనిషి కదా, కోసేసిన భాగంలో ఉండిపోయారు. చేతిలో తెగిన చెప్పు పట్టుకుని, తల వంచుకుని, ముందూ వెనకా ఎవరూ లేని రోడ్డు మీద నేను నడుచుకుంటూ వెళ్తున్నాను.

"మన బస్సు ఆంటీ!" అని తమ్ముడు అరిచాడు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. వదిన కొట్టలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. దృశ్యం ఇంకా కదులుతూనే ఉంది. పెద్దమ్మ నా భుజం తట్టింది.

"ఒక్కదానివే యాడికి పోతున్నవ్ బిడ్డా, గంత బంద్‌ల?"

"ఒక్కదాన్ని కాదు పెద్దమ్మా" అన్నాను. "మా ఆయన ముందున్నారు. టీవీలో పట్టలేదంతే."

పెద్దమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుని, ఆయన ఎక్కడైనా కనిపిస్తారేమోనని కుర్చీలోంచి ముందుకి వంగి, తెర అంచు వైపు చూసింది. నేనూ వంగి చూశాను.